పాండిత్యము, చదువు: మన పల్లెల సంగతి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నాకు నిర్ణయించిన విషయము "ఆధునిక సమాజములో విద్య యొక్క ప్రాముఖ్యము". ఈ విషయముపై ప్రసంగించువారు మొదట "విద్య లేనివాడు వింతపశువు" అను సామెతను చెప్పి, పిమ్మట విద్యవలన కలుగు లాభములను వేళ్లమీద లెక్కించి, చివరకు పిల్లలను బడికి పంపుడని హెచ్చరించి కూర్చుందురు. ఆ సామెత నాకు మొదటినుండియు రుచింపదు. మన పాలమూరు పల్లెలనుండి పోయి దేశమందలి ఆనకట్టలకు రాళ్లు మోసినవారిలో, కాలువలు త్రవ్వినవారిలో వ్రాలు చేయనేర్వనివారే యెక్కువ. వారు పశువులు కారు. వారి చేతికి అక్షరము అందకపోవుటకు కారణములు కొన్ని యున్నవి. ఆ కారణములేవి, అవి నేటికిని ఎంతవఱకు మిగిలియున్నవి అని విచారించుటయే నేను పూనుకొన్న పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు మనవి గనుక ఉదాహరణములను ఇక్కడినుండియే తీసికొందును. నడుమ ఒక్కసారి చైనాదేశమునకు పోయి వత్తము. ఎందుకో ఆ చోట చెప్పెదను.

మన ప్రాంతము చదువునకు గొడ్డుపోయిన నేల కాదు. గద్వాల సంస్థానమునకు "విద్వద్గద్వాల" యని పేరు. కార్తీక మాఘ మాసములలో అచట జరిగెడి సభలకు దూరప్రాంతములనుండి కవులు, పండితులు వచ్చి, శాస్త్రచర్చలు చేసి, వార్షికములు పుచ్చుకొని పోయెడివారు. వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానములును విద్వాంసుల నాదరించుటలో వెనుకబడినవి కావు. జటప్రోలువారికి కొల్లాపురము రాజధాని. తిరుపతి వేంకటకవులు ఈ ప్రాంతపు సంస్థానములకు వచ్చి, అవధానములు చేసి, సన్మానములు పొందిరి. తెలుగునాట కవితకు ఆదరము సన్నగిల్లుచున్న రోజులలో ఆ దీపము కొండెక్కకుండ చమురు పోసినవారిలో మన సంస్థానాధీశులున్నారు. ఆ సభలను తక్కువచేసి మాటాడుట నా యుద్దేశము కాదు.

అయితే కోటగోడకు ఈవల ఏమున్నది? లోపల శబ్దము నిత్యమా అనిత్యమా యని వాదము జరుగుచుండగా, వెలుపలి గ్రామమున రైతు తన పొలము లెక్క తానెఱుగకుండెను. ఆ లెక్క పట్వారీ దప్తరములో నుండెను. అప్పుపత్రము సాహుకారు పెట్టెలో నుండెను. ఆ రెండింటిమీదను రైతు పెట్టినది బొటనవ్రేలి నిశానీ. దానికి పైన ఏమి వ్రాసియున్నదో చదివి చెప్పుటకు ఊరిలో ఒక్కడో ఇద్దఱో ఉండిరి. వారే ఆ కాగితమును వ్రాసినవారును.

ఇక్కడనే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యున్నది. పాండిత్యము వేఱు, చదువు వేఱు. పాండిత్యము ఊరికొక్కనికి కలిగినను చాలును. అది వాని కంఠమున నుండి ఊరికంతకును శోభ కూర్చును. చదువు అట్లు కాదు. ఊరిలో ఒక్కనికే చదువు వచ్చినచో తక్కినవారికి అది ఉపకారమగుటకంటె అపకారమగుటయే హెచ్చు. కాగితము చదువగలవాడు ఒక్కడే యైనచో ఊరివారందఱు వానికి లోబడి యుండవలసినదే. అందఱికి వచ్చినప్పుడే చదువు చదువగును. మన సంస్థానములు పాండిత్యమును పోషించినవి. చదువును పంచిపెట్టవలెనను తలపు ఆ కాలమున లోకమందు చాలదేశములలోనే లేదు. కనుక వారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు.

నిజాము రాష్ట్రములో ఈ చిక్కు రెండింతలైనది. ప్రభుత్వ పాఠశాలలలో బోధన ఉర్దూలో. ఇంటిలో తల్లి పలికెడి మాట వేఱు, బడిలో పంతులు వ్రాయించు మాట వేఱు. తెలుగు నేర్పునవి ఖాన్గీ బడులు, వీధి అరుగులమీది బడులు. ఇసుకలో ఓనమాలు దిద్దించి, పెద్దబాలశిక్ష పట్టించి, ఎక్కములు వల్లె వేయించెడి పంతులుకు జీతము గింజలు, కూరగాయలు. అటువంటి ఖాన్గీ బడి పెట్టుటకును సర్కారు అనుమతి కావలెనని 1920ల దశకములో నిబంధనలు వచ్చినవి. సభ చేయుటకును ముందుగా అనుమతి పొందవలెనని గస్తీ నిశాన్ 53 అను ఆజ్ఞ పుట్టినది. బడి పెట్టుట కష్టమై, సభ జరుపుట కష్టమైనప్పుడు, మిగిలిన మార్గము గ్రంథాలయమే యైనది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. వాని వెనుక ఊరూర చిన్న గ్రంథాలయములు తలయెత్తినవి. అవి పుస్తకములుంచు గదులు మాత్రమే కావు. నలుగురు కూడి పత్రిక చదువుకొని లోకమును గూర్చి మాటాడుకొను చావడులు. మనమీనాడు కూర్చున్న యీ గది ఇరువదియైదేండ్లదే కావచ్చును గాని, దీని వంశము నూఱేండ్లకు పైబడినది.

ఆ వంశమునకు చెందిన మహనీయుడొకడు మన నేలవాడే. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో గద్వాల సంస్థానములోని బోరవెల్లిలో జన్మించిరి. వారి స్వగ్రామము అలంపురము తాలూకా యిటికాలపాడు. 1926లో వారు స్థాపించిన గోలకొండ పత్రికను పల్లెటూరి రైతు వఱకు తీసికొనిపోవలెనని వారు పడిన పాట్లు ఇంతింత కావు. తెలంగాణములో కవులు లేరని ఒకరు వ్రాయగా, వారు తగవులాడక, 354 మంది కవుల పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఇంతకంటె చక్కని సమాధానము మఱియొకటి యుండదు. కాని నాకొక సందేహము కలుగుచుండును. కవులు 354 మంది దొరికిరి సరే, ఆ సంచికను చేతబట్టి చదువగలవారు పల్లెకెందఱుండిరి? 1951 జనాభా లెక్కలనాడు హైదరాబాదు రాష్ట్రమందు అక్షరాస్యులు నూటికి పదిమంది కూడ లేరు. దేశమంతటికిని నూటికి 18 మంది. కవులు లేరన్న మాట అబద్ధము. పాఠకులు లేరన్న మాట నిజము. ప్రతాపరెడ్డిగారికి ఈ సంగతి తెలియును. అందుచేతనే వారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, సామాన్యజనుల తిండి, బట్ట, ఆట, పాట చరిత్రకెక్కునట్లు "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వ్రాసిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకెన్నికై, మఱుసటి యేడే కాలధర్మము నొందిరి. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చునప్పటికి వారు లేరు.

1953లో అలంపురములో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగినవి. గడియారము రామకృష్ణశర్మగారు వానికి నడుము కట్టినవారు. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు విచ్చేసిరి. తుంగభద్ర యొడ్డున, రైలు దిగి బండి కట్టుకొని పోవలసిన ఊరిలో అంతటి సభ జరుగుట సామాన్యము కాదు. ఆ పరిషత్తు 1943లో పుట్టినది. అది నడపిన పరీక్షలవలన ఉర్దూ చదువులలో తెలుగు మఱచినవారు ఎందఱో తిరిగి తెలుగునకు వచ్చిరి.

తరువాత జరిగిన మార్పులలో నా మనసునకు మిక్కిలి నచ్చినది వనపర్తిలో జరిగినది. అచటి రాజప్రాసాదములో 1959లో ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నెలకొన్నది. ఒకప్పుడు నజరానాలు పట్టుకొని చేతులు కట్టుకొని నిలుచుండిన లోగిలిలో, రైతుల కొడుకులు, చేనేతవారి కొడుకులు పలకబల్లపై కాగితము పరచుకొని వంతెన పటములు గీయుట మొదలుపెట్టిరి. గద్వాల కోటలోను అంతే. సంస్థానపు చివరి పాలకురాలైన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేర అచట ప్రభుత్వ కళాశాల వెలసినది. విద్వాంసులకు శాలువలు కప్పిన గోడలనడుమ పరీక్ష ఫీజులకై పిల్లలు వరుసగా నిలుచుందురు. వనపర్తిని జనులు "విద్యాపర్తి" యనుచున్నారన్నచో అది కవులు పెట్టిన బిరుదు కాదు. బస్సు దిగి పెట్టెలు మోసికొని వచ్చిన విద్యార్థులు పెట్టినది. నాగర్‌కర్నూలు ప్రాంతమునను ఇటువంటిదొకటి కలదు. పాలెమను పల్లెలో ప్రాచ్యకళాశాల యుండుటయు, అందు కపిలవాయి లింగమూర్తిగారివంటి విద్వాంసులు పాఠము చెప్పుటయు పట్టణమువారికి వింతగా తోచును. ఊరూర తిరిగి, గుడులను, శాసనములను, తాళపత్రములను వెదకి, పాలమూరు చరిత్రను వారు గ్రంథస్థము చేసిరి. 2018లో స్వర్గస్థులగునంతవఱకు ఆ పని మానలేదు.

ఇక చైనాకు పోవుదము. అక్కడి కథ మన కథకు అద్దము పట్టినట్లుండును. ఆ దేశమున వేయి సంవత్సరములకు పైగా ప్రభుత్వోద్యోగములకు పరీక్షలు జరిగినవి. ప్రాచీన గ్రంథములను కంఠస్థము చేసి పరీక్ష నెగ్గిన పండితునకు లభించిన గౌరవము మన సంస్థాన పండితునికి కూడ లభింపలేదు. వాడు ఏకముగా జిల్లాధికారి యగును. అయినను పల్లెలోని రైతునకు అక్షరము లేదు. పాండిత్యమునకు పట్టాభిషేకము, చదువునకు దారిద్ర్యము. 1905లో ఆ పరీక్షలను రద్దుచేసిరి. రద్దుచేసిన మాత్రమున రైతునకు చదువు రాలేదు.

వచ్చుట ఎట్లు మొదలైనదో వినుడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు లక్షకు పైబడిన చైనా కూలీలను ఫ్రాన్సుదేశమునకు తీసికొనిపోయి, కందకములు త్రవ్వించిరి, సామానులు మోయించిరి. మన పాలమూరు కూలీల వంటివారే ననుకొనుడు. వారికి ఇంటికి జాబు వ్రాసికొనుట రాదు. 1918లో యెన్ యాంగ్‌చూ అను యువకుడు సేవకుడుగా పోయి రాత్రివేళ వారికి జాబులు వ్రాసిపెట్టుచుండెను. వ్రాసి వ్రాసి వేసారి, నేను వ్రాయుటకంటె వీరికే నేర్పుట మేలుగదా యని తలచి, వేలకొలది చైనాలిపి గుర్తులలోనుండి దినదినావసరమైన వేయింటిని ఏరి నేర్పసాగెను. వారికొఱకు ఒక చిన్న పత్రికను కూడ పెట్టెను. ఆ పత్రిక చదివిన కూలి యొకడు, ఇంత తక్కువ వెలకు అమ్మినచో పత్రిక మూతపడునేమోయని భయపడి, తాను కూడబెట్టిన 365 ఫ్రాంకులను పంపెనని యెన్ తరువాతి కాలమున చెప్పుకొనుచుండెను. చందాదారులారా, మన గ్రంథాలయపు చందా బాకీల పుస్తకమును చూచునప్పుడెల్ల నాకు ఆ కూలి జ్ఞప్తికి వచ్చును.

యెన్ స్వదేశమునకు వచ్చి, 1926నుండి డింగ్‌షియన్ అను ప్రాంతపు పల్లెలలో ఈ పనినే విస్తరింపజేసెను. జపానువారి దండయాత్ర వచ్చి 1937లో అది నిలిచిపోయినది. 1949లో కొత్త ప్రభుత్వమేర్పడునాటికి ఆ దేశమున నూటికి 80 మంది నిరక్షరులు. శీతకాలమున పొలముపని లేని దినములలో పెద్దలకు బడులు పెట్టిరి. 1956లో లిపిని సులభము చేసిరి. 1966లో రాజకీయపు గాలివాన లేచి కళాశాల ప్రవేశపరీక్షలు నిలిచిపోయినవి. పది సంవత్సరములు ఒక తరము నష్టపోయినది. 1977లో తిరిగి పరీక్ష పెట్టగా 57 లక్షలమంది వ్రాసిరి, సుమారు 2 లక్షల 70 వేలమందికి మాత్రమే ప్రవేశము దొరికినది. పొలములలో పార పట్టుకొనినవాడు పార దించి కలము పట్టుకొని వచ్చెనట! 1986లో తొమ్మిదేండ్ల నిర్బంధ విద్యాచట్టము చేసిరి. 2020 జనగణనలో నిరక్షరులు నూటికి ముగ్గురు కూడ లేరు.

ఇంతవఱకు చెప్పి ఆపినచో అది పొగడ్త యగును. ఆ దేశమున మన కష్టమే యొకటి నేటికిని తీరలేదు. తలిదండ్రులు పట్టణములకు కూలికి పోయినప్పుడు, నివాసపు పట్టీ పల్లెలో నున్నందున పిల్లలకు పట్టణపు బడిలో చోటు దొరకుట కష్టము. కనుక పిల్లలను తాతమ్మలయొద్ద విడిచి పోవుదురు. 2010 జనగణన ననుసరించి వేసిన అంచనాలో అటువంటి పల్లెబిడ్డలు 6 కోట్లకు పైగా తేలిరి. పరీక్షల పిచ్చియు అంతే. ఒక్క పరీక్షకై బాల్యమంతయు ధారపోయుట అచట రివాజైనది. హైదరాబాదు కోచింగు కాలేజీలకు పిల్లలను తోలిన మనకు ఆ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు మన లెక్కలకు వత్తము. 2021లో జరుగవలసిన జనగణన ఆనాడు జరుగలేదు గనుక 2011 లెక్కలే మనకాధారము. అప్పటి మహబూబునగరు జిల్లా మొత్తమున అక్షరాస్యులు నూటికి 55.04. పది యేండ్లకు ముందు 44.41 ఉండెను గనుక కొంత ముందడుగు పడినమాట వాస్తవమే. కాని స్త్రీలలో ఈ సంఖ్య 44.72 మాత్రమే. తెలంగాణ మొత్తమునకు 66.54. 2016లో జిల్లాలను విడదీసిన పిదప, అవే లెక్కలను క్రొత్త హద్దుల ప్రకారము కూడి చూడగా, జోగులాంబ గద్వాల జిల్లాకు 49.87 వచ్చినది. రాష్ట్రమందెల్ల అదియే కడపటిది. అనగా విద్వద్గద్వాలలో సగముమందికి చదువు రాదు. ఈ మాట పలుకుటకు నాలుక తడబడుచున్నది గాని, అంకె యట్లున్నది.

ఏల యిట్లున్నది? బడులు లేకనా? బడులున్నవి. 2009లో చట్టము వచ్చి, 2010 ఏప్రిలు 1నుండి ఆఱు మొదలు పదునాలుగేండ్లలోపు బిడ్డలందఱికి ఉచిత నిర్బంధ విద్య హక్కైనది. మధ్యాహ్న భోజనమున్నది, పుస్తకములిచ్చుచున్నారు. అయినను బిడ్డ బడిలో లేని నెలలు కొన్నియున్నవి. నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున హాజరుపట్టీని పంచాంగముతో కలిపి చదువుట నేర్చుకొంటిని. దసరా దాటినది మొదలు కొన్ని పేళ్లకెదుట వరుసగా సున్నలు పడును. గుంపుమేస్త్రీ బయానా ఇచ్చినాడు, కుటుంబము పనికి పోయినది. ముసలివారున్న ఇంటిలో బిడ్డ మిగిలిన మిగులును, లేనిచో తట్టతోపాటు తానును పోవును. వేసవి చివర తిరిగివచ్చునప్పటికి పరీక్షలైపోయియుండును. ఇటువంటి బిడ్డలకై సర్కారువారు వలసకాలపు వసతిగృహములు నడపిరి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలవలన నీరు వచ్చిన ఊళ్లలో వలస కొంత తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయము. నీరు వచ్చిన చోట బడి నిండుట నేను కన్నులార చూచితిని.

కాని నడిగడ్డలో నీరు వచ్చిన చోట మఱియొక చిక్కు వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న యీ నేల పత్తివిత్తనపు సేద్యమునకు ప్రసిద్ధి కెక్కినది. సంకర విత్తనము తానంతట తాను పుట్టదు. సాయంకాలము మఱునాడు విచ్చుకొనబోవు మొగ్గను తెఱచి, అందలి కేసరములను గోటితో తీసివేయవలెను. మఱునాటి ప్రొద్దున మగచెట్టు పూవును తెచ్చి, పుప్పొడిని ఆ పూవునకద్దవలెను. దీనిని క్రాసింగు అందురు. ప్రతి కాయకును ఒక మనిషి రెండుమార్లు చేయి పెట్టవలసినదే. వానకాలము సగమైనది మొదలు దసరా వఱకు ఈ పని సాగును. అప్పుడు హాజరుపట్టీలో సున్నలు పడునవి ఆడుపిల్లల పేళ్లకు. మొక్క యెత్తునకు ఆ పిల్లలు సరిపోదురు, వారి వ్రేళ్లు సన్నము, పూవు నలుగదు అని చెప్పుదురు. ఈ మాట నేను నమ్మను. పెద్దవారి వ్రేళ్లతో గద్వాల చీరకు జరీ కుదుర్చు నేలలో, పూవు నంటుటకు పెద్దవారి వ్రేళ్లు పనికిరావా? పిల్లకిచ్చు కూలి తక్కువ, పిల్ల ఎదురు మాటాడదు. అసలు కారణమిది. పదునాలుగేండ్లలోపు బిడ్డలను పనిలో పెట్టుట 2016 సవరణ చట్టము ప్రకారము నేరము. బడివేళలు కానప్పుడు సొంత కుటుంబమునకు సాయపడుటకు మాత్రము మినహాయింపున్నది. ఆ మినహాయింపు సందులోనుండి ఎన్ని చేల పిల్లలు దూరుచున్నారో మీకు తెలియనిది కాదు.

నేను రైతును తప్పుపట్టుటకు రాలేదు. అతని సంగతియు చూడుడు. విత్తనపు కంపెనీకి, రైతునకు నడుమ ఆర్గనైజరు ఉండును. పెట్టుబడి అతడిచ్చును, వడ్డీ అతడు కట్టును, పంటను అతడే తీసికొనును. విత్తనము పరీక్షలో తప్పినదన్నచో ఆ మాట చెప్పువాడును అతడే. ఒప్పందపు కాగితము రైతుచేతిలో నుండునది ఎన్ని ఇండ్లలో? ఉన్నను చదివినవారెందఱు? పట్వారీ దప్తరము, సాహుకారు పెట్టె పోయినవని సంతసించితిమి. వాని స్థానమున ఆర్గనైజరు చిట్టా వచ్చి కూర్చున్నది. పూర్వము ముత్తాత నిశానీ పెట్టెను, నేడు మనుమడు సంతకము పెట్టును. చదువకుండ పెట్టిన సంతకమునకు నిశానీకి భేదమేమున్నది? ఆ చేనిలో పూవులద్దుచున్న పిల్లయే బడిలో నిలిచి యుండినచో, రాత్రి దీపమువద్ద తండ్రికి ఆ కాగితము చదివి, వడ్డీ కూడి చూపగలిగియుండును. కూలి రూపమున ఆ నెలలలో ఇంటికి వచ్చినదెంత, చదువక పోగొట్టుకొనినదెంత అని లెక్క వేయుటకు ఒక్క ఇంటివారైనను కూర్చుండినచో నా ప్రసంగము అక్కఱలేదు.

మఱియొకటి చెప్పెదను, చిన్నదే. పురుగుమందు డబ్బామీద వజ్రాకారపు గుర్తొకటి యుండును. దాని క్రింది సగము ఎఱుపైనచో అత్యంత విషము, పసుపైనచో దానికంటె తక్కువ, నీలమైనచో మఱియు తక్కువ, ఆకుపచ్చయైనచో అన్నిటికంటె తక్కువ. ఒక యేడు అయిదవ తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పి, ఇంటిలోని ఖాళీ డబ్బాల గుర్తులను చూచి వ్రాసికొని రమ్మంటిని. వారిలో ఒక పిల్ల మఱునాడు వచ్చి, తమ ఇంటిలో త్రాగునీరు పట్టుచున్న డబ్బామీద ఎఱ్ఱగుర్తున్నదని చెప్పినది. ఆ రాత్రియే ఆ డబ్బాను తల్లి పారవైచినదట. దానికి మార్కులు లేవు, సర్టిఫికెటు లేదు. విద్య యొక్క ప్రాముఖ్యమును గూర్చి కార్యదర్శిగారడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానములలో అది యొకటి.

నల్లమలలో చెంచుల సంగతి వేఱొక దినము మాటాడవలసినంత పెద్దది. 1940లో హైమెన్‌డార్ఫ్ అను పండితుడు అమ్రాబాదు అడవులలో వారినడుమ నుండి, 1943లో వారిని గూర్చి గ్రంథము వెలువరించెను. వారిని గూర్చి వ్రాసిన పుస్తకము ప్రపంచమంతట పండితులు చదివిరి. ఆ పెంటలలోని బిడ్డ చదువుటకు పుస్తకము చేరుట మాత్రము ఎంత ఆలస్యమైనదో చూచితిరా!

ఇక గ్రంథాలయము మాట. బడిలో నేర్చిన చదువు వాడుక లేనిచో మూడు నాలుగేండ్లలో ఇంకిపోవును. ఏడవ తరగతిలో ఆగిపోయి, పెండ్లియై, పిల్లలు పుట్టిన పిదప బస్సు పలక కూడ కూడబలుకుకొని చదువువారిని నేనెఱుగుదును. వారిని జనాభా లెక్కలలో అక్షరాస్యులనియే వ్రాసికొందురు. ఊరిలో చదువు ఇంకిపోకుండ కాచెడి చెరువు గ్రంథాలయమే. కాని మన గ్రంథాలయము తెఱచియుండునది ప్రొద్దున ఎనిమిదినుండి పదునొకండు వఱకు. ఆ వేళ కూలివాడు చేనిలో నుండును, పిల్ల బడిలో నుండును, లేదా పూవులద్దుచుండును. పింఛనుదారులము నలుగురము వచ్చి పత్రికలోని నాలుగు పుటలను పంచుకొని చదువుకొందుము. సాయంకాలము ఏడునుండి తొమ్మిది వఱకు తెఱచియుంచుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను. వారములో రెండు దినములు ఆ వేళ స్త్రీలకు మాత్రమే కేటాయించినచో, మొదటి నెల ఎవరును రాకపోయినను, తలుపు మూయవలదు. పిల్లల కథలు, ఎక్కముల పుస్తకములు, వ్యవసాయపు పుస్తకములు ఒక చిన్న రేకుపెట్టెలో పెట్టి, పనికి పోవు ప్రతి గుంపుతో ఒక పెట్టె పంపుడు. మేస్త్రీ పేర వ్రాసి యిండు. ఒకటి రెండు పుస్తకములు పోవును, పోనిండు.

దీనికి డబ్బేదియని అడుగుదురు. 1955లో హైదరాబాదు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినది. దాని ప్రకారము మనము కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సు. ఇంటిపన్ను రశీదు తీసి చూచినచో ఆ పద్దు కనబడును. చూచినవారెందఱో చేయి యెత్తుమని నేనడుగను. పంచాయతీవారు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసిన సొమ్మది. వసూలై కూడ జమకాని చోట్లు పలు జిల్లాలలో నున్నవి. మన ఊరిలో నెట్లున్నదో నేను చెప్పుటకంటె మీరడిగి తెలిసికొనుట మేలు. గడచిన అయిదేండ్లలో ఈ గ్రామమున వసూలైన సెస్సు ఎంత, సంస్థకు చేరినదెంత అనెడి రెండంకెలను గ్రామసభలో అడిగి, ఈ గది బయటి గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. చదువగలవారు చదువుదురు, చదువలేనివారు ఏమి వ్రాసినారని అడుగుదురు. రాబోవు గ్రామసభకు నేనును వత్తును. ఇంటిపన్ను రశీదులు వెంట తెచ్చుకొనుడు.